గొలుసు పట్టుకున్న చేయి

2024 ఫిబ్రవరి 16న అర్ధరాత్రి దాటాక మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌కు ముసుగులు కట్టుకున్న మనుషులు కారులో వచ్చి, కనబడ్డ వీధికుక్కనల్లా కాల్చుకుంటూ పోయారు. తెల్లారేసరికి ఊళ్లో దాదాపు 20 కుక్కలు చచ్చిపడి ఉన్నాయి. పంచాయతీ కార్యదర్శి ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత నెల రోజులకు పోలీసులు హైదరాబాద్‌కు చెందిన ముగ్గురిని అరెస్టు చేసి చెప్పిన కారణం విని చాలామంది నివ్వెరపోయారు. నిందితుల్లో ఒకరి అత్తగారి ఊరు పొన్నకల్. అంతకుముందు అక్కడికి వచ్చినప్పుడు ఆయన పెంపుడు కుక్కల మీద ఊరి కుక్కలు పడ్డాయి, ఒకటి చనిపోయింది. ఆ పగతోనే ఈ పని చేశారన్నది పోలీసుల కథనం. నేరం రుజువైందా లేదా తేల్చాల్సింది న్యాయస్థానం. నేను మాట్లాడదలచుకున్నది ఆ కాల్పులకు ముందున్న ఘట్టం గురించి. ఇంటి కుక్క బజారులో అడుగుపెట్టినప్పుడు ఇంకో కుక్క ఎదురైతే ఏం జరుగుతుంది? దానికి జవాబుదారీ ఎవరు?

ఆ ఘట్టం పొన్నకల్‌కే పరిమితం కాదు. మహబూబ్‌నగర్ మినీ ట్యాంక్‌బండ్ మీదైనా, నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానం చుట్టుపక్కల గల్లీల్లోనైనా పొద్దున ఆరు గంటలకు కనబడేదే. గొలుసు చివర కుక్క ముందుకాళ్లు గాల్లోకి లేపి మొరుగుతుంటుంది. పట్టుకున్న మనిషి వెనక్కి వాలి గొలుసు లాగుతుంటాడు. ఎదురుగా రెండు మూడు వీధికుక్కలు పళ్లు బయటపెట్టి అర్ధచంద్రాకారంగా నిలబడతాయి. ఆ యజమాని వాటి మీద రాయి విసురుతాడు, తన కుక్క వీపు మీద ఒకటి చరుస్తాడు, గొణుక్కుంటూ ఇంటిదారి పడతాడు. తప్పు వీధికుక్కలదని ఆయన నమ్మకం. ఆ వీధివాళ్లకేమో తప్పు పెంపుడు కుక్కది. నా వాదన ఈ రెంటికీ భిన్నమైనది. ఆ గొడవలో మొదట సరిదిద్దుకోవాల్సింది గొలుసు పట్టుకున్న చేయి. వీధికుక్కలు సాధువులని నేను అనడం లేదు. ఆ దృశ్యంలో ఉన్న ప్రాణులన్నిటిలో ముందుగా ఆలోచించి, దారి మార్చుకోగలిగింది ఆ మనిషి ఒక్కడే కాబట్టి ఈ మాట అంటున్నాను.

గొలుసు లేకుండా రెండు కుక్కలు ఎలా కలుసుకుంటాయో గొర్ల మంద దగ్గరో, ఊరి చెరువుకట్ట మీదో కాసేపు కూర్చుని చూస్తే అర్థమవుతుంది. అవి ముఖాముఖి ఎదురెదురుగా రావు. వంకరగా, చుట్టు తిరిగి, పక్కనుంచి వచ్చి వాసన చూసుకుంటాయి. ఒకదానికి ఇష్టం లేకపోతే తల తిప్పుకుంటుంది, నేలమీద ఏదో వెతుకుతున్నట్టు ముక్కు ఆనిస్తుంది, మెల్లగా పక్కకు జరుగుతుంది. రెండోది అర్థం చేసుకుని వదిలేస్తుంది. మన చేతిలోని నాలుగడుగుల గొలుసు ఈ మర్యాదలన్నిటినీ చెరిపేస్తుంది. మనం రోడ్డు వెంట తిన్నగా నడుస్తాం కాబట్టి మన కుక్క కూడా ఎదుటి కుక్క కళ్లలోకి చూస్తూ తిన్నగా వెళ్లాల్సి వస్తుంది. కుక్కల లోకంలో అది తొడ చరచడం లాంటిది. భయపడితే పారిపోదామంటే గొలుసు పోనివ్వదు, స్నేహంగా వెళ్దామంటే అదీ కుదరదు. ఇక మిగిలింది అరిచి, ఎగిరి, పళ్లు చూపి ఎదుటిదాన్ని తరమడం. సరిగ్గా అప్పుడే మనం కంగారుపడి గొలుసు బిగిస్తాం. మెడ మీద బిగింపు, మన గొంతులో కీచుదనం కలిసి, ఏదో ప్రమాదం వచ్చిందన్న దాని అనుమానాన్ని ఖాయం చేస్తాయి. చెక్ రిపబ్లిక్‌లోని బర్నో నగరంలో యజమానులతో నడకకు వచ్చిన కుక్కలు ఒకదానికొకటి తారసపడిన తీరును పరిశోధకులు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. విడిగా ఉన్నవాటితో పోలిస్తే గొలుసుతో ఉన్న కుక్కలు బెదిరింపుకు దిగడం దాదాపు రెండింతలు. గొలుసు తీసేయమని దీని అర్థం కాదు. లారీలు, బైకులు, చిన్నపిల్లలు తిరిగే రోడ్డు మీద గొలుసు ఉండి తీరాలి. అయితే గొలుసు వేసినప్పుడు కుక్క తప్పించుకునే హక్కును మనం తీసేసుకున్నాం. దాని తరఫున తప్పుకోవాల్సిన పని ఆ క్షణం నుంచే మన మీద పడింది.

బర్నోలో ఎదురైన కుక్కలు రెండూ ఎవరో ఒకరి పెంపుడువే. మన దగ్గర సంగతి అంతకన్నా కఠినం. ఇక్కడ ఎదురయ్యే కుక్కకు గొలుసు లేదు, యజమాని లేడు, కానీ ఇలాకా ఉంది. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ల తరబడి మన వీధికుక్కల జీవితాన్ని అధ్యయనం చేస్తోంది. అవి చిన్న చిన్న గుంపులుగా బతుకుతాయి, చెత్త మీద ఆధారపడతాయి, తమ ఇలాకాను కాపాడుకుంటాయి. ఒక చికెన్ సెంటర్, ఒక ఫంక్షన్ హాల్ వెనక గోడ, ఒక మున్సిపల్ చెత్తకుండీ చాలు, ఒక గుంపు పొద్దు గడవడానికి. అలాంటి గుంపు ఉన్న గల్లీలోకి షాంపూ వాసనతో, మెడకు పట్టీతో, వణుకుతూనో గుర్రుమంటూనో వచ్చిన కుక్క వాటి కంటికి చొరబాటుదారు. నీళ్లలో ఏనుగును లాగే మొసలి గట్టెక్కితే కుక్క చేతిలో ఓడుతుందని వేమన స్థానబలం గురించి చెప్పిన పద్యం మనకు బడిలోనే వచ్చు. కుక్కకూ కుక్కకూ మధ్య కూడా అదే లెక్క. ఎముకలు తేలిన ఊరకుక్క, దానికి రెండింతలున్న జర్మన్ షెపర్డ్‌ను గల్లీ మొదట్లోనే నిలబెట్టేస్తుంది. ఇందులో దురుద్దేశం వెతకడం వృథా. ఆ మూల మీద ఆ గుంపు రోజూ ఉంటుందని తెలిసి కూడా రోజూ అదే మూల మీదుగా కుక్కను ఈడ్చుకెళ్లే మనిషి, తనకు తెలిసిన విషయాన్ని తానే పట్టించుకోవడం లేదు.

ఇంకో కారణం ఇంట్లోనే ఉంది. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుక్క వీధిలోకి రాకముందే సగం కథ అయిపోతుంది. పదిహేను ఇరవై ఏళ్లుగా పాలమూరు, నల్లగొండ పట్టణాల చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. ప్రహరీ, గేటు, గేటు పక్కన కుక్క. హైదరాబాద్ నుంచి నలభై రోజుల పిల్లను తెస్తారు. టీకాలు అయ్యేదాకా బయటికి తీయరు, అయ్యాక తీరిక దొరకదు. గేటు దగ్గర కట్టేస్తే అది వచ్చేపోయేవాళ్లను చూసి మొరుగుతుంది. వాళ్లెలాగూ వెళ్లిపోయేవాళ్లే. కుక్క మాత్రం తాను మొరగబట్టే వెళ్లారనుకుంటుంది. రోజుకు యాభైసార్లు ఇదే పాఠం. ఏడాది నిండాక దాన్ని మొదటిసారి బజారుకు తీసుకెళితే, అక్కడ ఎదురైన కుక్క మీద అది చూపేది గేటు దగ్గర నేర్చుకున్న విద్యే. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలో ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు 3 నుంచి 12 వారాల వయసు మధ్య కుక్క తన లోకంలో ఎవరు తనవాళ్లో నేర్చుకుంటుందని తేల్చారు. ఆ వయసు దాటాక నేర్పడం సాధ్యమే గానీ చాలా ఓపిక కావాలి. టీకాలు పూర్తవని పిల్లను నేల మీద వదలొద్దన్న డాక్టరు సలహా సరైనదే, పార్వో లాంటి జబ్బులు ప్రాణం తీస్తాయి. అయితే చంకన ఎత్తుకుని బజారు చూపించొచ్చు, టీకాలు వేసిన తెలిసినవాళ్ల కుక్కతో వాకిట్లో ఆడించొచ్చు. ఎల్లకాలం కట్టేసి ఉంచడం గురించి చట్టం కూడా మాట్లాడింది. కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. పట్టణాల్లో గేటు పక్కన కుక్కను పెట్టుకున్న ఎన్ని ఇళ్లవాళ్లకు ఈ సంగతి తెలుసు?

పోలిక కోసం దూరం వెళ్లక్కర్లేదు. పాలమూరు గొల్లకురుమల మందల వెంట నడిచే కుక్కలున్నాయి, నల్లమల అప్పర్ ప్లాటూ మీద చెంచుల వెంట తిరిగే కుక్కలున్నాయి. అవి పిల్లలుగా ఉన్నప్పటినుంచే గొర్రెల మధ్య, మనుషుల మధ్య, సాటి కుక్కల మధ్య పెరుగుతాయి. పొద్దంతా మైళ్లకు మైళ్లు నడుస్తాయి, ఎదురైన ప్రతిదానితో ఎలా మెలగాలో కాళ్ల మీదే నేర్చుకుంటాయి. అవీ పోట్లాడతాయి, ఊరి పొలిమేరల్లో కాట్లూ తింటాయి. ఆ జీవితాన్ని పట్టణంలోకి తేలేం. అయినా ఒక మాట మాత్రం అక్కడినుంచి నేర్చుకోవచ్చు. తిరిగే కుక్కకు లోకం పాతబడుతుంది, కట్టేసిన కుక్కకు ప్రతి ఎదురూ కొత్తదే.

ఇక ఎక్కువమంది చేతిలోకి తీసుకునే మందు కర్ర. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెత మన నోళ్లలో ఉంది. ఎదుటి కుక్కను చూసి మొరిగిన ప్రతిసారీ నాలుగు తగిలిస్తే మానుకుంటుందన్నది నమ్మకం. కొన్నిసార్లు నిజంగానే మొరగడం ఆగుతుంది. ఆగింది మొరుగుడు, భయం కాదు. ఇంకో కుక్క కనబడింది, వెంటనే వీపు మీద దెబ్బ పడింది. ఈ రెంటినీ కుక్క ముడివేసుకునేది ఒకే తీరుగా: ఆ కుక్క వస్తే నాకు నొప్పి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరికి వచ్చిన కుక్కల యజమానులు నింపిన 140 ప్రశ్నపత్రాలను విశ్లేషించారు. కుక్కను కొట్టడం, తన్నడం చేసి చూసినవాళ్లలో 43 శాతం మంది అది తిరగబడిందని చెప్పారు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండించి నేర్పే శిక్షణశాలల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువగా కనిపించాయి. మొరిగే కుక్క కరవదన్నది ఇంకో సామెత. అక్షరాలా నిజం కాకపోయినా అందులో ఒక తెలివి ఉంది. మొరుగుడు హెచ్చరిక, దగ్గరికి రావద్దన్న విన్నపం. దాన్ని కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, కాటు మిగులుతుంది. మెడ బిగుసుకునే చోక్ చైన్, లోపలికి ముళ్లున్న పట్టీ చేసేది కూడా ఇదే పని. వాటిని అమ్మే దుకాణాలు పెరుగుతున్నాయి, వాడే పద్ధతి చెప్పేవాళ్లు లేరు. నా దృష్టిలో చెప్పేవాళ్లున్నా అవి కొనదగినవి కావు.

మరి ఏం చేయాలి? ఒక్క మాటలో చెప్పాలంటే ఎడం పాటించాలి. ప్రతి కుక్కకూ ఒక దూరం ఉంటుంది. ఎదుటి కుక్క అంత దూరంలో ఉంటే చూసి కూడా చెవులు కదిపి ఊరుకుంటుంది, అంతకన్నా దగ్గరికొస్తే చెవిలో శంఖం ఊదినా వినదు. కొన్నిటికి అది ఇరవై అడుగులు, కొన్నిటికి రెండొందల అడుగులు. మొదట ఆ దూరం కనిపెట్టాలి. ఆ దూరంలో ఇంకో కుక్క కనబడగానే, మొరగకముందే, ఉడికించిన కోడిముక్కో, గుడ్డు ముక్కో నోటికందించాలి. కుక్క కనుమరుగయ్యాక ఆపేయాలి. వారాల తరబడి ఇలా చేస్తే ఎదుటి కుక్క అంటే నొప్పికి బదులు కోడిముక్క గుర్తుకొస్తుంది. దూరం మెల్లమెల్లగా తగ్గుతుంది. ఎదురు కుక్క హఠాత్తుగా మలుపు తిరిగి వస్తే మొండిగా ముందుకు పోకుండా వెనుదిరగాలి, లేదా ఆగివున్న కారు, గోడ, చెట్టు అడ్డం చేసుకోవాలి. వెనుదిరగడాన్ని ఓటమిగా భావించే అహం కుక్కకు లేదు, మనిషికే ఉంది. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ వాడితే లాగినప్పుడు గొంతు నొక్కుకోదు. కరిచే అలవాటున్న దానికి, దూడలకు మనం చిక్కం కట్టినట్టే, నోరు తెరిచి ఆయాసపడేందుకు వీలున్న బుట్టలాంటి చిక్కం ఇంట్లో తిండి పెడుతూ అలవాటు చేయాలి. హఠాత్తుగా ముదిరిన కోపం వెనక చెవి నొప్పో, కీళ్ల నొప్పో ఉండొచ్చు కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి. వీధికుక్కలు నిజంగానే మీదికి వస్తే పరుగెత్తకూడదు. మన కుక్కను వెనక్కి నెట్టి మనం మధ్యలో నిలబడి, గుప్పెడు తిండి వాటి కాళ్ల దగ్గర చల్లి, గొలుసు వదులుగానే ఉంచి మెల్లగా వెనక్కి నడవాలి. కాట్లాట మొదలైతే మాత్రం నోళ్ల మధ్య చేయి పెట్టొద్దు. బకెట్ నీళ్లు, మధ్యలో అడ్డంగా దూర్చిన అట్టో తలుపు చెక్కో చేతికన్నా మేలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. మీద పడేది అవి, నా కుక్కను కరిచేది అవి, నేను ఎందుకు మారాలి? వీధికుక్కల సంఖ్యను అదుపు చేయాల్సింది మున్సిపాలిటీ, పంచాయతీ. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టినచోటే వదలడం వాటి విధి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి శస్త్రచికిత్స, టీకా అయ్యాక వదలమని చెప్పింది. రేబీస్ ఉన్నవి, ఉగ్రంగా ప్రవర్తించేవి మాత్రం వదలకూడదంది. వార్డుల్లో తిండి పెట్టే చోట్లు ప్రత్యేకంగా గుర్తించమంది, దేశమంతటికీ దాన్ని వర్తింపజేసింది. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కలను తరలించి తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. ఇవన్నీ అమలు కావాలని గట్టిగా అడగాల్సిందే. చికెన్ వ్యర్థాలు రోడ్డు పక్క పోసేవాళ్లకు జరిమానా వేయమని అడగాలి, పెంపుడు కుక్క యజమాని అందరికన్నా ముందు అడగాలి. కానీ మున్సిపాలిటీ ఎంత చురుగ్గా పనిచేసినా ఒక పట్టణంలో గుంపులు పలచబడడానికి ఏళ్లు పడుతుంది. రేపు పొద్దున ఆరింటికి నడక ఉంది. ఆ నడకను మార్చగలిగేది నడిపించే మనిషే.

వీధికుక్కలే లేకుండా చేస్తే పీడ వదులుతుంది కదా అనేవాళ్లు రెండో వరుసలో ఉన్నారు. పొన్నకల్ ఆ ఆలోచనకు చివరి మెట్టు. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో వందల కుక్కలను చంపారన్న ఫిర్యాదులు వచ్చి కేసులు నమోదయ్యాయి. జంతువును చంపడం భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం. చట్టం పక్కన పెట్టినా ఈ మార్గం పనిచేయదు. తిండి ఉన్నచోటు ఖాళీ అయితే పక్క ఊరి కుక్కలు వస్తాయి. వచ్చినవాటికి టీకా ఉండదు, శస్త్రచికిత్స ఉండదు, ఆ వీధి మనుషులతో పరిచయమూ ఉండదు. కొత్త గుంపు కొత్త ఇలాకా కోసం మరింత గట్టిగా పోట్లాడుతుంది. మొరిగే పెంపుడు కుక్క మాత్రం ఎప్పటిలా మొరుగుతూనే ఉంటుంది. దానికి కోపం ఫలానా వీధికుక్కల మీద కాదు, ఎదురొచ్చే కుక్క అన్న ప్రతిదాని మీదా.

కాపలా కుక్కకు ఆ మాత్రం పౌరుషం ఉండొద్దా అనేది మూడో మాట. గేటు లోపల కాపలాకు, రోడ్డు మీద ఇంకో కుక్కను చీల్చబోవడానికి సంబంధం లేదు. తనకు ప్రమాదం లేదని తెలిసిన కుక్కే మంచి కాపలాదారు. భయంతో ప్రతిదానికీ మొరిగే కుక్క మొరుగుడును ఇంటివాళ్లే పట్టించుకోవడం మానేస్తారు.

నాలుగో అభ్యంతరానికే నేను ఎక్కువ గౌరవం ఇస్తాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు చంపిన రాష్ట్రం ఇది. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని, రేబీస్‌గా అనుమానించిన మరణాలు 54 అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పేద పిల్లలు కాట్లు తింటుంటే, కుక్కను షికారుకు తీసుకెళ్లేవాళ్ల ఇబ్బంది పత్రికలో రాయాల్సిన సంగతా? రాయాల్సిందే, ఎందుకంటే ఈ రెండూ ఒకే రోడ్డు మీద జరుగుతాయి. గొలుసు చివర రేగిపోయిన కుక్క చుట్టుపక్కల గుంపులన్నిటినీ రేపుతుంది. యజమాని గేటు వేసుకుని లోపలికి వెళ్లిపోతాడు. రేగిన గుంపు వీధిలోనే ఉంటుంది, కాసేపటికి అదే దారిన బడిపిల్లలు, పాలవాళ్లు, పారిశుధ్య కార్మికులు వస్తారు. రెండు కుక్కలను విడదీయబోయిన చేతికి పడే కాటు, అది సొంత కుక్కదైనా, తేలిగ్గా తీసుకోదగింది కాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి నెత్తురు వస్తే రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. వీధికుక్క కరిచిన పెంపుడు కుక్కకు, అంతకుముందు టీకా వేయించినా, మళ్లీ వేయించాలి. తన జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్ర గాయం కలగకుండా జాగ్రత్తపడని యజమానికి న్యాయసంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పెట్టింది. ఆ సెక్షన్ చూసేది యజమాని నిర్లక్ష్యాన్ని, కుక్క జాతిని కాదు. కేంద్రం 2024 మార్చిలో 23 జాతులను నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాస్తే ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. పొమెరేనియన్ అయినా, రాట్‌వీలర్ అయినా గొలుసు మీద రేగడానికి కారణాలు ఒకటే. రెండో దాని కాటు లోతైనది కాబట్టి దాన్ని పట్టుకున్నవాడికి జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

ఇదంతా నేర్పేదెవరన్న ప్రశ్న మిగిలింది. హైదరాబాద్‌లో శిక్షకులున్నారు, దేవరకొండలో, నారాయణపేటలో, మిర్యాలగూడలో అంత తేలిగ్గా దొరకరు. ఉన్నది పశువైద్యశాల. ఆ డాక్టరు పొద్దంతా బర్రెలు, గొర్రెలు, మేకలతో తలమునకలుగా ఉంటాడు, కుక్క ప్రవర్తన గురించి గంట కూర్చుని చెప్పమనడం అన్యాయం. అయితే జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం, సెప్టెంబర్ 28న రేబీస్ దినం సందర్భంగా కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకా శిబిరాలు పెడుతున్నారు. గేటు బయటికి ఎన్నడూ రాని కుక్కలు కూడా ఆ రోజు గొలుసుల మీద వచ్చి ఒకే వరుసలో ముఖాముఖి నిలబడతాయి. ఇంతసేపూ చెప్పిన గొడవంతా ఒకే ఆవరణలో, ఒకే గంటలో జరుగుతుంది. చెప్పాల్సిన మాట చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. వరుసలో ఇరవై అడుగులకొక సున్నపు గీత గీయొచ్చు. మొండిగా మొరిగేవాటిని బయట చెట్టు కింద ఉంచి, వంతు వచ్చినప్పుడు వెనక గేటు నుంచి పిలవొచ్చు. టీకా కార్డు వెనక నాలుగు వాక్యాలు అచ్చువేయించొచ్చు: కొట్టకండి, దూరం పాటించండి, రోజూ నడిపించండి, కరిస్తే గాయం కడిగి ఆసుపత్రికి రండి. సున్నం బస్తా ఖర్చుకు ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, వచ్చే శిబిరానికే మొదలుపెట్టొచ్చు.